ఖాళీగా వదిలిన ఏడు ప్రశ్నలు

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదుట కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. శాలువా గురించి, పాత రోజుల గురించి మొదలుపెడితే నాకిచ్చిన ఇరవై నిమిషాలు అక్కడే తీరిపోతాయి కనుక ఆ మర్యాదలన్నీ జరిగిపోయినట్టే భావిద్దాం.

‘గేట్ పరీక్షను అర్థం చేసుకోవడం ఎలా’ అని ఆహ్వానపత్రంలో అచ్చు వేశారు. ఇంజినీరింగ్ చదివినవారు ఎంటెక్ ప్రవేశానికి రాసే ఆ పరీక్షకు ఏళ్ల తరబడి పిల్లలను తయారు చేసిన నేనే దాన్ని సరిగా అర్థం చేసుకోలేదని ఒప్పుకోవడానికి ఈ సభకు వచ్చాను.

మీకు తెలిసిన సంగతులను ముందుగా దాటేస్తాను. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఏడు ఐఐటీలు వంతులవారీగా ఈ పరీక్షను నిర్వహిస్తాయి. మూడు గంటల వ్యవధిలో 65 ప్రశ్నలు, 100 మార్కులు ఉంటాయి. వాటిలో 15 మార్కులు భాష, లెక్క, తర్కాలను పరీక్షించే జనరల్ ఆప్టిట్యూడ్‌వి. మూడో సంవత్సరంలో ఉన్నవారూ రాయవచ్చు, వచ్చిన స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

ఇక అసలు విషయం. మనవాళ్లందరూ ఇంటర్ తరువాత ఎంసెట్ రాసి వచ్చినవారే. పేరు ఈఏపీసెట్‌గా మారినా స్వభావం మారలేదు: 160 ప్రశ్నలు, 160 మార్కులు, తప్పుకు కోత లేదు. అందుకే చివరి నిమిషంలో మిగిలినవన్నీ గుడ్డిగా పెట్టేసి రావడం మనకు అలవాటైంది. ఆ అలవాటు గేట్‌లో కొంప ముంచుతుందని భయపడి, నేను దానికి పూర్తిగా ఎదురు సూత్రం ఒకటి తయారుచేసి, ప్రతి బ్యాచ్‌కూ బోర్డు మీద రాసి మరీ చెప్పేవాడిని: ‘ఖాయంగా తెలియనిదాన్ని ముట్టుకోవద్దు.’

ఆ సూత్రాన్ని అక్షరాలా పాటించిన అమ్మాయి ఒకతె ఉండేది. సివిల్ బ్రాంచి. ఫలితాలు వచ్చాక తన సమాధానాల ప్రతిని ప్రింటు తీసుకుని మా ఇంటికి వచ్చింది. అర్హత మార్కుకు మూడు మార్కుల లోపు తేడాతో ఆగిపోయింది. ‘రెండు మార్కుల ప్రశ్నలు ఈ ఏడింటిలోనూ రెండేసి ఆప్షన్లు కావని తేలిపోయింది సార్. మిగిలిన రెండింటిలో ఏదో తేలక, మీరు చెప్పారని వదిలేశాను’ అంది. నిష్ఠూరంగా అనలేదు, అని ఉంటే బాగుండేది. ఆమె వెళ్లిపోయాక కాగితం ముందు పెట్టుకుని, అన్నేళ్లలో ఒక్కసారీ వేయని లెక్క ఆ సాయంత్రం వేశాను.

మీరూ వేయండి, పెన్నులు తీయండి. రెండు మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్నకు తప్పు పెడితే పోయేది మూడింట రెండు వంతుల మార్కు. ఆ ఏడింటిలో మూడు సరైతే ఆరు మార్కులు వస్తాయి, నాలుగు తప్పులకు రెండుంబావు దాటి, రెండుముప్పావుకు కాస్త తక్కువగా పోతుంది, మూడు మార్కులకు పైగా మిగులుతుంది. అంటే ఆ పిల్ల అర్హత పొందేది. రెండే సరైనా నష్టం లేదు. ఒక్కటో, అసలేదీ కాకపోతేనో మాత్రమే నష్టం. బొమ్మాబొరుసూ వేసి పెట్టినా అంత దురదృష్టం పట్టే అవకాశం పదహారింట ఒక వంతు. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. కోతను ఆ లెక్క సరిపోయేలాగే పెట్టారు. ఒక్క ఆప్షన్ కాదని మీ చదువు చెప్పగలిగినా తూకం మీ వైపు మొగ్గుతుంది. సగం జ్ఞానానికి కూడా ఆ పరీక్షలో విలువ ఉంది, నేను దాన్ని సున్నా కింద కొట్టేయించాను.

వెనుక వరుసలో నవ్వుతున్న బాబూ, నీకే అడుగుతున్నాను: సంఖ్యను టైపు చేయాల్సిన ప్రశ్నలకు కోత ఉందా? లేదు. 2021లో ప్రవేశపెట్టిన, ఒకటికి మించి సరైన ఆప్షన్లుండే ప్రశ్నలకు ఉందా? అక్కడా లేదు, కాకపోతే అన్నీ సరిగ్గా గుర్తిస్తేనే మార్కు, సగానికి సగం ఇవ్వరు. అయినా ఇవి కూడా ఖాళీగా వదిలేసి వచ్చే పిల్లలను చూశాను. అది కూడా నా బోర్డు మీది సూత్రం పుణ్యమే.

స్కోరు గురించి చెప్పమని ప్రిన్సిపాల్ గారు ప్రత్యేకంగా కోరారు. మార్కులు వేరు, స్కోరు వేరు. జనరల్ కేటగిరీ అర్హత మార్కుకు 350, ఆ పేపరు రాసినవారిలో పై 0.1 శాతం మంది లేదా పది మంది, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే వారి సగటు మార్కుకు 900 అని నిర్ణయించి, మిగతావారిని ఆ రెండు గుర్తుల మధ్య గీసిన సరళరేఖ మీద నిలబెడతారు. అర్హత మార్కు కూడా 25, లేదా ఆ పేపరు రాసిన అందరి సగటు మార్కుకు ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) కలిపిన మొత్తం, వీటిలో ఏది ఎక్కువైతే అది. కాబట్టి ‘పోయినేడు మా అన్నకు 45కు ఇంత స్కోరు వచ్చింది’ అనే లెక్క ఈ ఏడు మీకు పనికిరాదు. పేపరు కష్టమైతే రెండు గుర్తులూ కిందికి జరుగుతాయి, మీతోపాటే.

ఎంటెక్‌లో చేరితే నెలకు వచ్చే 12,400 రూపాయల స్టైపెండ్ గురించీ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాల గురించీ మా తరువాత మాట్లాడేవారు చెబుతారు. నాకు మిగిలిన సమయాన్ని ఒక పనికి వాడుకుంటాను. పాత పేపర్లోని ఏడు రెండు మార్కుల ప్రశ్నలు జిరాక్సు తీయించి తెచ్చాను. ముందు వరుసలోని అమ్మాయిలు వాటిని పంచండి. ఎవరూ సమాధానం రాయొద్దు; ఏ ఆప్షన్ కాదో, ఎందుకు కాదో పక్కన ఒక్క మాట రాసి చూపండి. పది నిమిషాల సమయం ఇస్తున్నాను.