మేడ మీద లైట్ల దండకి చెక్క స్తంభాలు: బకెట్టుని నమ్ముకుని కట్టకండి

నమస్కారం అండీ. ఇవాళ మేడ మీద లైట్ల దండ కట్టుకోవడానికి చెక్క స్తంభాలు చేద్దాం. నాలుగు మూలలా నాలుగు. దండంటే పెళ్లిళ్లకి ఇంటి ముందు దించే సీరియల్ సెట్లు కాదండోయ్. వాటికి స్తంభమెందుకు, పిట్టగోడ మీంచి కిందికి వదిలేస్తే సరి. నేను చెప్పేది ఇదిగో, ఇది. బుజ్జీ, దగ్గరికి పెట్టమ్మా కెమెరా. నల్ల కేబులు, అడుగున్నరకో హోల్డరు, ప్రతి హోల్డరుకీ ఓ గుండ్రటి బల్బు. టీ కొట్లు, కాఫీ షాపుల బయట చూసే ఉంటారు. మా మేనకోడలు పుట్టినరోజుకి అడిగింది, కెమెరా కూడా తనే పట్టుకుంది, అందుకని కాస్త ఊగినా సర్దుకోండి.

ముందే ఒక మాట. వీటి మీద వీడియోలు బోలెడున్నాయి. పెయింటు బకెట్టు తీసుకో, మధ్యలో కర్ర నిలబెట్టు, కాంక్రీటు పొయ్యి, లైట్లు కట్టు, అయిపోయింది. మనం కూడా బకెట్టే వాడతాం. కాకపోతే భారం దాని మీద వెయ్యం. ఎందుకో తర్వాత తూచి మరీ చూపిస్తాను.

సరే, కర్ర. 3 అంగుళాల చదరం, 9 అడుగుల పొడవు. టింబర్ డిపోలో సీఎఫ్టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన ఇస్తారు కదా, ఆ లెక్క ఇంట్లోనే వేసుకుని వెళ్లండి. 3 ఇంటూ 3, తొమ్మిది. దాన్ని 144తో భాగించి, పొడవు 9 అడుగులతో గుణిస్తే అర సీఎఫ్టీ పైచిలుకు. నాలుగు కర్రలకి రెండుంపావు సీఎఫ్టీ. అంతే. లెక్క మీ చేతిలో ఉంటే డిపోలో బేరం వేరుగా నడుస్తుంది.

ఏ కర్ర అంటారా. సరుగుడు బాదులు చవక, పందిళ్లకి వాడేవి. వాడొచ్చు, కానీ గుండ్రంగా ఉంటాయి కాబట్టి, తర్వాత కర్రని పట్టి ఉంచడానికి వేసే క్లాంపు సరిగ్గా కూర్చోదు. కొత్తగా కోసిన పచ్చి కర్ర అసలొద్దు. ఎండలో నెల తిరిగేసరికి మెలి తిరిగి, ఒకటి అటు చూస్తుంది, ఒకటి ఇటు చూస్తుంది. నన్నడిగితే పాత కర్రే. పాత పెంకుటిళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన టేకు దూలాలు, వాసాలు చాలా డిపోల్లో ఓ మూల పడేసి ఉంటాయి. ఎన్నో ఏళ్లు ఎండిన కర్ర, ఇక అది తిరిగేదేం లేదు. పైన నల్లగా, మురికిగా ఉందని వదిలెయ్యకండి. చిత్రిక ఒక్కసారి తోలితే చూడండి లోపల రంగు. చూశారా.

పాత కర్రతో ఒకటే బెడద, మేకులు. పైకి కనపడవు, తల విరిగిపోయి లోపల ఉండిపోతాయి. పాడైపోయిన స్పీకరు వెనక అయస్కాంతం ఉంటుంది కదా, అది దారానికి కట్టి ఇలా కర్ర మీద నెమ్మదిగా జరుపుకుంటూ పోండి. ఇదిగో, ఇక్కడ... టక్. అతుక్కుంది. అక్కడ మేకుంది. సుద్దముక్కతో గుర్తు పెట్టేయండి. రంపం పళ్లు, చిత్రిక బ్లేడు రెండూ బతుకుతాయి. ఈ స్పీకరు అయస్కాంతం మీద నాకు ఎంత ప్రేమంటే, పోయిన స్క్రూలు వెతకడానికీ ఇదే, ఫ్రిజ్ మీద కరెంటు బిల్లు పెట్టడానికీ ఇదే.

కొయ్యడం, రుద్దడం మీకు తెలిసిందే. ముందు 80 నంబరు ఉప్పుకాగితం, తర్వాత 120. అద్దంలా అక్కర్లేదు, ఇది డైనింగ్ టేబుల్ కాదు. తల మాత్రం తిన్నగా కొయ్యకండి, ఇలా ఏటవాలుగా కొయ్యండి. వాన నీళ్లు జారిపోవాలి, నిలవకూడదు. కర్ర కుళ్లడం ఎప్పుడూ తల దగ్గరా, అడుగు దగ్గరా మొదలవుతుంది.

ఇప్పుడు బెజ్జాలు. తల నుంచి 3 అంగుళాలు కిందికి, ఈ పక్క నుంచి ఆ పక్కకి ఆరపార, 8 ఎంఎం. స్క్రూలా తిప్పి బిగించే హుక్కులు దొరుకుతాయి, అవి తీసుకోకండి. రోజూ గాలికి ఊగుతుంటే కొన్నాళ్లకి వదులైపోతాయి. ఇదిగో ఇలా తల దగ్గర రింగున్న ఐ బోల్టు, వెనక వాషరు, నట్టు. రంగు వెయ్యక ముందే బెజ్జాలు పెట్టుకోండి, బెజ్జం లోపల కూడా బ్రష్షు ఆడించండి. రంగంటే ఎనామిల్ కాదు, ఎండకి పొక్కులొచ్చి ఊడిపోతుంది. బయట కర్రకి వేసే ఆయిలు ఫినిష్ ఉంటుంది, గుడ్డతో పూసి తుడిచేయడమే. ఏడాదికోసారి మళ్లీ పూసుకోవచ్చు, గీకే పని లేదు. అడుగున అడుగుంపావు దాకా తారు పెయింటు. అయిపోయింది, పక్కన పెట్టండి, ఆరనివ్వండి.

ఇక బకెట్టు. 20 లీటర్ల పెయింటు బకెట్టు, పెయింటరు పారేసేది. అడుగున నాలుగు బెజ్జాలు పెట్టండి. లోపల అంగుళం మందాన కంకర. కర్ర ఆ కంకర మీదే నిలబడాలి, కర్ర కింద కాంక్రీటు రాకూడదు. కింద కూడా కాంక్రీటు మూసేస్తే చిన్న గిన్నెలా తయారవుతుంది, దిగిన తేమంతా అక్కడే ఉండిపోతుంది. కంకరుంటే కిందికి కారిపోతుంది.

కర్ర ఎక్కడ పెట్టాలి? బకెట్టు మధ్యలో కాదు. అంచు వైపుకి. కర్రకీ బకెట్టు అంచుకీ మధ్య 2 అంగుళాలు వదిలి, ఓ పక్కకి జరిపి పెట్టండి. చూడ్డానికి వంకరగా అనిపిస్తుంది, అనిపించనివ్వండి. మధ్యలో పెడితే బకెట్టు లావు అడ్డొచ్చి కర్ర గోడకి చాలా దూరమైపోతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, గోడ దగ్గరికి వచ్చాక పనికొస్తుంది.

కలుపు 1, 2, 4. ఒక మగ్గు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు చిప్స్. పెద్ద కంకర వద్దు, బకెట్టులో ఇరుక్కుని ఖాళీలు మిగులుతాయి, 12 ఎంఎం చిప్స్ చాలు. నాలుగు బకెట్లకీ కలిపి అర బస్తా సిమెంటు సరిపోతుంది. నీళ్లు తక్కువ పొయ్యండి, జారుడుగా చెయ్యకండి. చువ్వతో గుచ్చండి. పైభాగం కర్ర దగ్గర ఎత్తుగా, అంచుకి పల్లంగా తాపీతో తోసెయ్యండి, నీళ్లు కర్ర వైపుకి రాకుండా. తూకం గుండు రెండు వైపుల నుంచీ చూసుకోండి, రెండు బద్దలు అడ్డంగా కట్టి కదలకుండా వదిలెయ్యండి. ఏడు రోజులు తడపండి. బుజ్జీ, ఆ తడిపే ముక్క వద్దమ్మా, అందరికీ తెలుసు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇక్కడ ఆగి చూడండి, కావాలంటే వెనక్కి జరుపుకుని మళ్లీ చూడండి.

ఈ బకెట్టు కాంక్రీటుతో కలిపి 50 కేజీల దగ్గరుంది. కర్రతో 60. ఇద్దరం కలిస్తే గానీ లేవదు. ఇంత బరువు ఎందుకు పడుతుంది అనుకుంటాం కదా? ఇదిగో, ఊరెళ్లేటప్పుడు లగేజీ తూచుకునే హుక్కు తూకం. దీన్ని పైన ఐ బోల్టుకి తగిలించి, తాడుతో పక్కకి లాగుతున్నాను. అంకె చూడండి. ఒకటి... రెండు... రెండున్నర... లేచింది! బకెట్టు అంచు లేచింది, చూశారా? మూడు కేజీలు కూడా లేదు. బుజ్జీ, పట్టుకో పట్టుకో. ఆ.

కారణం పెద్ద లెక్కేం కాదు. బకెట్టు అడుగు వెడల్పు అడుగు కూడా లేదు, కర్ర ఎత్తు 9 అడుగులు. అంత పొడుగు నుంచి లాగితే కింద 60 కేజీలున్నా నిలబడదు.

మరి దండ ఎంత లాగుతుంది? నా దండ, దాన్ని మోసే స్టీలు తీగతో కలిపి, 20 అడుగులకి 2 కేజీలుంది. 2 కేజీలే కదా అనకండి. దండ బిగుతుని బట్టి లాగుడు మారుతుంది. మధ్యలో అడుగు జారు వదిలి, అంటే అడుగు కిందికి వంగేలా కట్టాను అనుకోండి, 5 కేజీలు లాగుతుంది. తిన్నగా ఉండాలని కాస్త బిగించి, జారు ఆరంగుళాలు చేస్తే 10. మూడంగుళాలకి తెస్తే 20. బరువు అదే, బల్బులు అవే, బిగుతు ఒక్కటే మారింది. జారు సగం చేసిన ప్రతిసారీ లాగుడు రెట్టింపు. తీగని పూర్తిగా తిన్నగా చెయ్యడం ఎవరి వల్లా కాదు, ఎంత లాగినా ఇంకాస్త జారు ఉంటూనే ఉంటుంది, ఈలోగా స్తంభమే వంగుతుంది. కరెంటు వాళ్ల తీగలు కూడా చూడండి, స్తంభానికీ స్తంభానికీ మధ్య జారుగానే ఉంటాయి. వాళ్లకి బిగించడం రాక కాదు కదా.

అందుకని అడుగు జారు. 20 అడుగులకి ఒక అడుగు. దండకి అందం కూడా ఆ వంపులోనే ఉంది, నా మటుకు నాకు.

అడుగు జారుకి 5 కేజీలు, మూలలో రెండు వైపుల నుంచీ లాగితే, రెండూ ఒకే దిక్కుకి కాదు కాబట్టి, 7. బకెట్టు మూడు దగ్గరే చేతులెత్తేసింది. కాబట్టి పట్టుకోవాల్సింది గోడ. బకెట్టు పని కర్ర అడుగు జరక్కుండా, నీళ్లలో నానకుండా చూడటం, అంతే.

రండి, మూలకి వెళ్దాం. మన ఇళ్లలో ఒక అదృష్టం ఉంది. పై అంతస్తు ఎప్పుడో వేద్దామని పిల్లర్లు పిట్టగోడ దాకా లేపి చువ్వలు వదిలేస్తాం. ఆ అంతస్తు వేసేది ఎప్పుడో తెలీదు గానీ, ఈ పిల్లరు ముక్క మాత్రం ఇవాళ పనికొస్తుంది. క్లాంపు పిట్టగోడ ఇటుకలకి కాదు, ఈ పిల్లరు కాంక్రీటుకి వెయ్యాలి. ఎందుకంటే 9 అడుగుల ఎత్తున 7 కేజీలు లాగితే, 3 అడుగుల ఎత్తున్న గోడ దగ్గర అది మూడు రెట్లు, 21 కేజీలవుతుంది. గాలి దాని మీద అదనం. నాలుగంగుళాల ఇటుక గోడ, అందులోనూ ప్లాస్టరింగు డొల్లగా ఉన్నదైతే, పైవరస ఇటుకలు ఊడి వస్తాయి. సుత్తితో తట్టి చూడండి. ఇక్కడ టంగ్ అంది, గట్టిది. ఇక్కడ డబ్ అంది, డొల్ల. ఇక్కడ వద్దు.

కర్రకీ పిల్లరుకీ మధ్య రెండంగుళాల ఖాళీ మిగిలింది చూశారా? బకెట్టు అంచు వల్ల. మధ్యలో పెట్టి ఉంటే ఈ ఖాళీ నాలుగు దాటేది. అక్కడ రెండంగుళాల చెక్క దిమ్మ పెట్టండి, దాని మీంచి యూ క్లాంపు, రెండు వైపులా 10 ఎంఎం యాంకర్ బోల్టులు. రెండు క్లాంపులు వెయ్యండి, ఒకటి పిల్లరు పైఅంచుకి ఓ జానెడు కింద, ఇంకోటి దానికి అడుగు కింద. పైఅంచుకి మరీ దగ్గర బెజ్జం పెడితే కాంక్రీటు పెచ్చు లేస్తుంది. శ్లాబులో మాత్రం ఒక్క బెజ్జం కూడా పెట్టకండి, మొదటి వానకే కింద గదిలో తెలుస్తుంది.

ఇంకో సంగతి, కర్ర నిలబెట్టే ముందు తలెత్తి చూడండి. వీధిలో కరెంటు తీగలు మేడకి దగ్గరగా పోతుంటే ఆ మూల వదిలెయ్యండి. 9 అడుగుల కర్ర ఎత్తేటప్పుడు ఎటు వాలుతుందో మన చేతిలో ఉండదు. మూడు స్తంభాలతో కట్టుకోండి, త్రికోణంలా, అదీ బాగుంటుంది.

తీగ సంగతి. కేబులుని నేరుగా కట్టకండి, కేబులు కరెంటు మొయ్యడానికి, బరువు మొయ్యడానికి కాదు. ముందు 3 ఎంఎం స్టీలు తీగ, దానికి నల్ల జిప్ టైలతో కేబులు. తెల్ల టైలు ఎండకి పెళుసై విరుగుతాయి, నల్లవే.

ఇక నాకు బాగా ఇష్టమైన భాగం, కప్పీ. రెండు స్తంభాలకి ఐ బోల్టు, మిగతా రెండింటికి ఐ బోల్టుకి ఓ చిన్న కప్పీ. తీగ చివర నైలాన్ తాడు ముడేసి, కప్పీ మీంచి కిందికి తెచ్చి, నడుము ఎత్తున ఈ కొక్కేనికి చుట్టేస్తాను. కార్తీకమాసంలో గుళ్లో ఆకాశదీపం ఎలా లాగుతారు? ధ్వజస్తంభం ఎక్కుతారా ఎవరైనా? తాడు లాగితే దీపం పైకి, వదిలితే కిందికి. ఇదీ అంతే. బల్బు పోతే స్టూలు ఎక్కక్కర్లేదు. జారు అడుగుకి సరిచేసుకోవడం కూడా కింద నుంచే. అన్నిటికన్నా ముఖ్యం, మే నెల గాలివానలకీ, అక్టోబరు నవంబరు తుఫాన్లకీ హెచ్చరిక రాగానే రెండు నిమిషాల్లో దండ దించి చుట్ట చుట్టి లోపల పెట్టేస్తాను. గాలికి ఆ దండ స్తంభాన్ని ఎంత లాగుతుందో లెక్క వేసే పనే లేదు. టర్న్‌బకిల్ పెట్టండి అంటారు కొందరు, బిగించడానికి. చేతిలో అది ఉంటే మళ్లీ బిగించబుద్ధేస్తుంది, అందుకే నేను పెట్టను.

కరెంటు గబగబా చెప్పేస్తాను. దండ ఐపీ65 ఉన్నది, అంటే దుమ్మూ వాన నీళ్లూ లోపలికి పోనిది తీసుకోండి. కొనే ముందు హోల్డరు చూడండి, మన ఇళ్లలో ఎక్కువగా రెండు పిన్నుల బల్బు, ఈ దండల్లో ఎక్కువగా మరలున్న ఈ27. మీ దగ్గరున్న బల్బులు సరిపోతాయనుకుని తెచ్చుకోకండి. హోల్డరు నోరు కిందికే ఉండాలి. ప్లగ్గు మేడ గది లోపల, గది లేకపోతే మూతున్న వాటర్‌ప్రూఫ్ బాక్సులో. కేబులు బాక్సులోకి వెళ్లే ముందు ఓ వంపు కిందికి వేలాడనివ్వండి, నీళ్లు ఆ వంపు దగ్గర కారిపోతాయి, బాక్సులోకి రావు. ఆ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్, ఉందో లేదో ఎలక్ట్రీషియన్ చేత చూపించుకోండి. తడి మేడ, ఒట్టి కాళ్లు, 230 వోల్టులు. దీనికి మాత్రం బేరం ఆడకండి. చువ్వలకి కేబులు చుట్టడం కూడా వద్దు.

బుజ్జీ, స్విచ్ వెయ్యమ్మా. ఆ. ఆ మూడో బల్బు వెలగలేదు, తాడు వదులు, దించి చూద్దాం... బిగించలేదంతే. మళ్లీ లాగు. సరే.

క్లాంపు కొలతలు, బోల్టుల సైజులు కింద డిస్క్రిప్షన్‌లో పెడుతున్నాను. మీ మేడ మీద పిల్లరు ముక్కలు లేకపోతే, పిట్టగోడ ఫోటో తీసి కామెంట్లో కొలతలు రాయండి, దానికి ఏం చెయ్యొచ్చో వచ్చే వీడియోలో చూద్దాం. ఉంటానండీ.