బేస్ మోడలా, టాప్ మోడలా? మోడిఫై చేయడానికి ఏ ఫోర్ బై ఫోర్ కొనాలి

(తెర మీద: రెండు వేరియంట్ల ఆన్‌రోడ్ ధరలు పక్కపక్కన. తేడా మీద ఎర్ర గీత.)

నమస్కారం. ఫోర్ బై ఫోర్, అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకూ వెళ్లే బండి కొని మన దారులకు తగ్గట్టు మార్చుకోవాలనుకునే వాళ్లు కర్నూలులో అయినా, అనంతపురంలో అయినా, కడపలో అయినా మొదట అడిగేది ఇదే. బేస్ మోడల్ తీసుకుని మిగిలిన డబ్బు సామాన్ల మీద పెట్టాలా? లేక టాప్ మోడలే తీసేసుకోవాలా?

జవాబు ముందే చెప్పేస్తాం. తర్వాత బిగించుకోలేని వస్తువులన్నీ ఏ వేరియంట్లో మొదటిసారి దొరుకుతాయో, అక్కడ ఆగండి. దానికి పైన పెట్టే ప్రతి రూపాయీ టైర్ల డబ్బులోంచి పోతుంది.

బిగించుకోలేనివి ఏవి? ఇంజను, గేర్‌బాక్సు, లో రేంజ్ (మెల్లగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉన్న ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు బలం పంచే పెట్టె), ఎయిర్‌బ్యాగులు, ఈఎస్పీ (బండి జారకుండా చక్రాలకు విడివిడిగా బ్రేకు వేసే ఏర్పాటు). వీటిని బయట మెకానిక్ దగ్గర పెట్టించుకునే దారి లేదనే అనుకోండి. వెనక డిఫరెన్షియల్ లాకర్ (వెనక రెండు చక్రాలూ కలిసి ఒకే వేగంతో తిరిగేలా పట్టేది) బయట దొరకొచ్చు, కానీ దానికోసం యాక్సిల్ విప్పాలి, గేర్ల సందు మళ్లీ కొలిచి సెట్ చేయాలి. ఆ పని తెలిసిన చెయ్యి దొరకడం కష్టం. లాకర్ కంపెనీ నుంచే వస్తుంటే తీసుకోవడమే మంచిది. టచ్ స్క్రీను, స్పీకర్లు, సీటు కవర్లు, ఫాగ్ లైట్లు, అల్లాయ్‌లు ఎప్పుడైనా వస్తాయి.

(తెర మీద: మూడు బండ్లు, కింద వేరియంట్ పేర్లు.)

బేస్ అనే మాటను నమ్మి మోసపోవద్దు. 2024 ఆగస్టులో వచ్చిన మహీంద్రా థార్ రాక్స్ చూడండి. అందులో బేస్ ఎంఎక్స్1. దానికి ఫోర్ బై ఫోర్ రాదు. డీజిల్‌లో ఎంఎక్స్5 దాకా ఎక్కితేనే వస్తుంది. మోడిఫై చేసేవాడికి రాక్స్‌లో బేస్ అంటే అదే. మారుతి జిమ్నీలో లెక్క వేరు. జీటా, ఆల్ఫా రెండింటికీ లో రేంజ్ ఉంది, రెండింటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్పీ ఉన్నాయి. ఆల్ఫాలో ఎక్కువ వచ్చేవి ఎల్ఈడీ హెడ్‌లైట్లు, అల్లాయ్‌లు, పెద్ద స్క్రీను, ఆటోమేటిక్ ఏసీ లాంటివి. అందుకే జిమ్నీని మార్చాలనుకుంటే జీటా తీసుకోమంటాం. 2020లో వచ్చిన మూడు డోర్ల థార్‌లో ఏఎక్స్‌కు 16 అంగుళాల ఇనుప రిమ్ములు, ఎల్ఎక్స్‌కు 18 అంగుళాల అల్లాయ్‌లు. లాకర్ ఏ వేరియంట్‌కు వస్తుందన్నది ఆ బండిలో మధ్యమధ్య మారుతూ వచ్చింది. కాబట్టి పాత వీడియో చూసి బుక్ చేయొద్దు. ఆ రోజు డీలర్ ఇచ్చే కాగితం మీద మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ అని ఉందా లేదా చదవండి. బ్రేకుతో పనిచేసే లాకింగ్ వేరే సంగతి. తిరిగిపోయే చక్రాన్ని బ్రేకు పట్టి ఆపుతుంది, పని చేస్తుంది, కానీ గాల్లో లేచిన చక్రం మీద ఎక్కువసేపు ఆధారపడితే బ్రేకులు వేడెక్కుతాయి.

ఇప్పుడు చక్రాల దగ్గరికి వద్దాం. తేడా అంతా ఇక్కడే ఉంది.

(దగ్గరగా: రెండు టైర్లు పక్కపక్కన, స్కేలుతో పక్కగోడ కొలుస్తున్న చెయ్యి.)

ఏఎక్స్ టైరు 245/75 ఆర్16. అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. పక్కగోడ ఎత్తు 184 మిల్లీమీటర్లు. ఎల్ఎక్స్ టైరు 255/65 ఆర్18. పక్కగోడ 166. మొత్తం వ్యాసం చూస్తే 774, 789. పెద్ద తేడా కనిపించదు. కానీ రిమ్ముకూ రాయికీ మధ్య ఉండే రబ్బరు ఏఎక్స్‌లోనే ఎక్కువ. కణేకల్లు, బొమ్మనహాళ్ దగ్గర హగరి ఇసుక దిబ్బల్లో గాలి 18 పీఎస్ఐకి దించినప్పుడు టైరు పరుచుకోవాలి. పక్కగోడ ఎత్తుగా ఉంటే బాగా పరుచుకుంటుంది. జమ్మలమడుగు వైపు నాపరాళ్ల అంచులు కత్తిలా ఉంటాయి. ఎత్తైన పక్కగోడ అక్కడా కొంచెం వంగి తప్పించుకుంటుంది. ఇనుప రిమ్ము వంకర పోతే పల్లెలో కూడా సుత్తితో కొట్టి గాలి నిలిచేలా చేసుకోవచ్చు. అల్లాయ్ పగిలిందంటే ఆ రోజుకు బండి అక్కడే.

అంటే టాప్ మోడల్ అల్లాయ్‌లకు డబ్బు కట్టి, తర్వాత వాటిని తీసేసి 16కి దిగుతారు. తీసిన అల్లాయ్‌లు కొన్న ధరకు పోవు. 16 రిమ్ము పెట్టేటప్పుడు బ్రేకు కాలిపర్‌కు తగలకుండా చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి చూడండి.

పెద్ద టైరు కావాలంటే 265/75 ఆర్16 వ్యాసం 804. బండి కింద ఎత్తు 15 మిల్లీమీటర్లు పెరుగుతుంది. 44వ నంబర్ జాతీయ రహదారి మీద మీటరు 100 చూపిస్తే అసలు వేగం 104 దాకా ఉంటుంది. ఓడోమీటరు కూడా తక్కువ తిరుగుతుంది, కాబట్టి మైలేజీ లెక్క కూడా తప్పుతుంది. కొనేటప్పుడు ఐదు టైర్లూ ఒకే సైజు కొనండి. స్టెప్నీ చిన్నదైతే, అది వేసుకుని ఫోర్ హైలో (నాలుగు చక్రాలూ మామూలు గేర్లతో తిరిగేటప్పుడు) ముందు, వెనక చక్రాలు వేర్వేరుగా తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది. థార్, జిమ్నీ రెండింటికీ స్టెప్నీ వెనక తలుపు మీదే కాబట్టి బరువు పెరిగితే తలుపు కీళ్లు దిగబడతాయి. కొన్నాళ్లకు తలుపు గుంత గుంతకూ చప్పుడు చేస్తుంది.

టైరు పట్టిందో లేదో షాపులో తేలదు. స్టీరింగు పూర్తిగా ఒక వైపు తిప్పి, ఒక ముందు చక్రాన్ని దిబ్బ మీదికి ఎక్కించి చూడాలి. మడ్‌గార్డు లోపలి ప్లాస్టిక్‌కు, బంపరు మూలకు రాసుకుంటే అక్కడ నల్లటి గీత పడుతుంది. నల్లరేగడిలో ఆ సందు బురదతో నిండి చక్రాన్నే పట్టేస్తుంది. రేగడి చేలల్లో ఎక్కువ తిరిగేవాళ్లకు పెద్ద గాడులున్న, బురద కోసం చేసిన మడ్ టెర్రైన్ టైరు తప్పదు, అన్ని దారులకూ చేసిన ఆల్ టెర్రైన్ టైరు గాడులు నాలుగు చుట్లకే మూసుకుపోతాయి. రోజూ హైవే మీద తిరిగేవాళ్లకు మాత్రం ఆ మోత, బరువు భరించలేనివి.

(దగ్గరగా: డాష్‌బోర్డు మీద టైరు ప్రెషర్ హెచ్చరిక.)

టాప్ మోడల్‌లో కట్టిన డబ్బు కొన్నిసార్లు మన పనికే అడ్డం వస్తుంది. గాలి తగ్గించగానే ప్రెషర్ సెన్సర్లు హెచ్చరిస్తూనే ఉంటాయి, రిమ్ములు మార్చితే ఆ సెన్సర్లను కొత్త రిమ్ముల్లోకి మార్చాలి. రాక్స్ పై వేరియంట్లలో అడాస్ (డ్రైవరుకు సాయంగా హెచ్చరించే, తనే బ్రేకు వేసే ఏర్పాటు) ఉంది. దాని రాడార్ ముందు భాగంలో, కెమెరా అద్దం వెనక ఉంటాయి. ఇనుప బంపరు పెడితే రాడార్ ముందు ఇనుము నిలబడుతుంది. బండిని లిఫ్ట్ చేస్తే కెమెరా చూపు కోణం మారుతుంది, మళ్లీ క్యాలిబ్రేషన్ చేయించాలి. బంపరు, లిఫ్టు రెండూ మనసులో ఉంటే అడాస్ వేరియంట్ కొనడం దండగ.

వైరింగు సంగతి రెండు మాటల్లో. ఫ్యాక్టరీ వైరును కొరికి పట్టే క్లిప్పులు వాడొద్దు. మన దుమ్ముకు, ఒక వానకు అక్కడ రాగి పచ్చబడి తెగుతుంది, కొత్త బండ్లలో ఆ వైరు తెగితే ఎక్కడో సంబంధం లేని లైటు వెలుగుతుంది. 60 వాట్ల ఎల్ఈడీలు రెండంటే 10 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు, ఒక రిలే. అంతే.

(తెర మీద: బండి కింద, ముందు యాక్సిల్ షాఫ్టు రబ్బరు బూటు.)

లిఫ్టులో ఏ వేరియంట్ అన్నది లెక్కలోకి రాదు, ఏ బండి అన్నదే లెక్క. థార్‌కు ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్. 50 మిల్లీమీటర్లు దాటి లేపితే షాఫ్టు వంపు పెరిగి రబ్బరు బూటు మడతల దగ్గర చిరుగుతుంది. గ్రీజు చక్రం లోపలివైపు చిమ్ముతుంది, ఆ సందులోంచి ఎర్రమట్టి లోపలికి పోతుంది. తర్వాత స్టీరింగు తిప్పినప్పుడల్లా టకటకమంటుంది. ఆ చప్పుడు వచ్చిందంటే జాయింటే మార్చాలి. జిమ్నీకి ముందూ వెనకా గట్టి యాక్సిల్. లేపితే యాక్సిల్ ఒక పక్కకు జరుగుతుంది, క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగు ఇరుసు వెనక్కి వాలే కోణం) తగ్గి స్టీరింగు తేలిపోతుంది. సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టే కడ్డీ), క్యాస్టర్ సరిచేసే బుష్‌లు లిఫ్టు కిట్టుతోనే కొనాలి. ఏ బండికైనా చక్రం పూర్తిగా వేలాడేలా లేపి బ్రేకు గొట్టం బిగుసుకుంటుందేమో చూడండి.

స్ప్రింగులు చివర కొనండి. ఇనుప బంపరు, విన్చ్ (తాడు చుట్టి ఇరుక్కున్న బండిని లాగే మోటారు) కలిపితే ముందు వంద కిలోల దగ్గరికి పోతుంది. స్ప్రింగు ముందే వేస్తే ఆ ఎత్తు బరువుతో దిగిపోతుంది.

చట్టం గురించి దాచకుండా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. బుల్ బార్లు (బండి ముందు బిగించే ఇనుప కడ్డీలు) చట్టవిరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబర్లోనే రాష్ట్రాలకు రాసింది. గుద్దినప్పుడు ఎయిర్‌బ్యాగు సెన్సర్లకు దెబ్బ సరిగా అందకపోవచ్చన్నది మేం ఇంకా గట్టిగా చెప్పే కారణం. సాఫ్ట్ టాప్ కొని తర్వాత హార్డ్ టాప్ వేయించుకోవాలని ప్లాన్ చేయొద్దు, కావలసిన పైకప్పు ఆర్‌సీలోనే ఉండేలా కొనండి. అనంతపురం ఎండలో గుడ్డ కప్పు కింద ఏసీ ఎంత తిప్పలు పడుతుందో కూడా లెక్కలో వేసుకోండి. ఏం మార్చినా ఇన్సూరెన్స్ కంపెనీకి రాసి ఇవ్వండి. కొత్త బండికి వారంటీ ఉంటుంది, మార్చిన భాగానికి సంబంధించిన వారంటీ క్లెయిమ్‌ను బండి కంపెనీ తోసిపుచ్చొచ్చు.

డబ్బు లెక్కలో చాలామంది వదిలేసేది ఒకటుంది. జీవిత పన్ను బండి ధర మీద శాతంగా పడుతుంది. ఇన్సూరెన్స్ కూడా ధరతో పాటే పెరుగుతుంది. అందుకే రెండు వేరియంట్ల తేడాను ఎక్స్ షోరూమ్ ధరలో కాదు, ఆన్‌రోడ్ ధరలో చూడాలి. లోన్ తీసుకుంటే వడ్డీ కూడా కలపండి.

ఆ తేడా చేతిలో ఉంటే వరస ఇది. ఐదు టైర్లు. కింద ఇంజను, ట్రాన్స్‌ఫర్ కేసులకు ఇనుప పళ్లెం. ఛాసిస్‌కు బోల్టు చేసిన, లాగడానికి తగిన హుక్కులు ముందు రెండు, వెనక ఒకటి. లారీలో కట్టడానికి ఇచ్చే హుక్కులకు తాడు వేసి లాగితే ఊడి గుండులా ఎగురుతాయి. ఒక కైనెటిక్ తాడు (సాగుతూ బండిని లాగేది), రెండు సాఫ్ట్ షాకిల్స్ (తాడును హుక్కుకు తగిలించే తాడు ఉంగరాలు), గాలి కంప్రెసర్, ప్రెషర్ గేజి. విన్చ్ తర్వాత. అది బండి నిండు బరువుకు ఒకటిన్నర రెట్లు లాగేది కావాలి. పూర్తి లోడులో 400 ఆంపియర్ల దాకా గుంజుతుంది కాబట్టి ఇంజను ఆఫ్ చేసి తిప్పొద్దు.

టాప్ మోడల్ ఎవరికి? వారమంతా బెంగళూరు, హైదరాబాదు తిరిగి, ఏడాదికి నాలుగుసార్లు గండికోట దాకా పోయేవాళ్లకు. క్రూయిజ్ కంట్రోల్, మంచి సీట్లు వాళ్లకు రోజూ పనికొస్తాయి. వాళ్లు ఆల్ టెర్రైన్ టైర్లు, హుక్కులు, కంప్రెసర్ తీసుకుని ఆగిపోవచ్చు. లిఫ్టు అక్కర్లేదు.

బుకింగ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు షోరూమ్‌లో బండి కింద పడుకుని వెనక యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు కళ్లతో చూడండి. లోపల లో రేంజ్ లివరు ఒకసారి చేత్తో వేసి చూడండి. వేరియంట్ పూర్తి పేరు, లాకర్, రిమ్ము సైజు ఫారం మీద రాయించుకుని ఒక ఫొటో తీసుకోండి.