అంతరిక్షంలో గొంగళిపురుగు, బడిలో దాని జోడు

పర్లాకిమిడి చుట్టుపక్కల బడుల నుంచి వచ్చిన ఉపాధ్యాయులకు, పిల్లలకు నమస్కారం.

2009 నవంబరు 16న బయలుదేరిన అట్లాంటిస్ అనే అమెరికా అంతరిక్ష నౌకలో గొంగళిపురుగులు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లాయి. మోనార్క్, పెయింటెడ్ లేడీ అనే సీతాకోకచిలుక జాతులవి. తాజా ఆకులకు బదులు తయారుచేసిన మేతనే వాటికి పెట్టారు. ఇటు అమెరికా బడుల్లో పిల్లలు అవే జాతుల పురుగులను పెంచి, పైనుంచి వచ్చే చిత్రాలతో పోల్చి చూశారు.

ఈ ప్రయోగానికి ప్రాణం ఆ బడి గదుల్లోనే ఉందని నా నమ్మకం. పైన పురుగు తీరు మారిందనుకోండి. అది భారరహిత స్థితి వల్లా, మేత వల్లా? కింద కూడా ఒక పురుగు అదే మేత తింటూ ఉంటేనే తేలుతుంది. దీన్నే నియంత్రణ ప్రయోగం అంటారు.

మోనార్క్ మనకు దొరకదు. దాని దగ్గరి చుట్టం ప్లెయిన్ టైగర్ మాత్రం మన ఊళ్లలోనే తిరుగుతోంది. రెండూ డానస్ అనే ఒకే ప్రజాతివే, అంటే దగ్గరి జాతుల గుంపువే. గుణుపురం దారిలో కనిపించే జిల్లేడు ఆకులను తిప్పి చూడండి. నలుపు, తెలుపు, పసుపు పట్టీలతో, ఒంటిమీద మూడు జతల నల్లటి కొమ్ముల్లాంటి తీగలతో గొంగళి కనిపిస్తుంది. ఎదిగాక అది పట్టుదారంతో చిన్న బొడిపె అల్లి, వెనుక కాళ్లతో దాన్ని పట్టుకుని తలకిందులుగా వేలాడుతుంది. తర్వాత చర్మం వదిలి ప్యూపాగా, అంటే కదలకుండా లోపలే రూపు మార్చుకునే దశలోకి, మారుతుంది. చివరకు ముడతలు పడిన రెక్కలతో సీతాకోకచిలుక బయటికి వచ్చి, ఒంట్లోని ద్రవాన్ని రెక్కల్లోకి నెడుతూ వాటిని విప్పుకుంటుంది. ఆ సమయంలో రెక్కలు కిందికి వేలాడేందుకు చోటుండాలి. మరి పైన, ‘కింద’ అనేదే లేని చోట పురుగు ఎటు వేలాడుతుంది? రెక్కలు ఎలా సాగుతాయి? మన పురుగును చూడనివాళ్లకు ఈ ప్రశ్న తట్టదు!

కాబట్టి ఈ ప్లెయిన్ టైగర్ గొంగళిని గాలి ఆడే పెట్టెలో పెంచండి. రోజూ లేత ఆకు వేయండి, పెంటికలు తీసేయండి. పురుగు పెట్టె పైకప్పును పట్టుకుందా, గోడనా, ఎన్ని గంటలు వేలాడిందో రాయించండి. తెలుగులో రాసినా, ఒడియాలో రాసినా సరే. సవర పిల్లలు వాళ్ల భాషలో పేర్లు చెబితే అవీ రాయాలి. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకున్న ఊరు కదా ఇది. ఒక్క జాగ్రత్త: జిల్లేడు పాలు కంటికి ప్రమాదం. ఆకులు పెద్దవాళ్లే కోయాలి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.