ఆవిరి కాని ద్రావణులు: అయానిక ద్రవాల కథ

శ్రోతలకు నమస్కారం.

ఒక మందుల కర్మాగారంలోకి వెళ్ళే పదార్థాలన్నింటినీ తూచి చూస్తే, వాటిలో ఎక్కువ బరువు చివరకు మాత్రలోకి చేరే ముడిసరుకుది కాదు. ఆ ముడిసరుకును కరిగించి, చర్య జరిగాక మళ్ళీ తొలగించవలసిన ద్రావణులదే ఆ బరువులో అధిక భాగం. పటాన్‌చెరు, జీడిమెట్ల పారిశ్రామికవాడల్లో పనిచేసేవారు సాల్వెంట్లు అని పిలిచే టోల్యూన్, డైక్లోరోమీథేన్, మెథనాల్, అసిటోన్ అలాంటివే. ఇవి గది ఉష్ణోగ్రత వద్దే ఆవిరవుతూ ఉంటాయి. చాలావాటి ఆవిరికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది; అంటుకోని దానిని కూడా అక్కడి కార్మికుడు పీల్చక తప్పదు. ఇటువంటి ఆవిరి లేని ద్రావణి కోసం రసాయన శాస్త్రవేత్తలు మూడు దశాబ్దాలుగా సాగిస్తున్న అన్వేషణలో అయానిక ద్రవాలకు ప్రత్యేక స్థానం ఉంది.

అయానిక ద్రవం అంటే తక్కువ వేడికే కరిగి ద్రవంగా ఉండే లవణం. మనం తినే ఉప్పు కరగాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అందులోని సోడియం, క్లోరైడ్ అయానులు చిన్నవి, గుండ్రనివి కావడం వల్ల ఒకదానికొకటి దగ్గరగా, క్రమం తప్పకుండా అమరి గట్టి స్ఫటికం అవుతాయి. సోడియం స్థానంలో, ఒక పక్క పొడవైన కార్బన్ గొలుసు వేలాడే ఇమిడజోలియం వంటి పెద్ద, సౌష్ఠవం లేని ధనాయానాన్ని పెడితే ఆ అమరిక కుదరదు. అయానుల మధ్య ఆకర్షణ బలహీనపడి లవణం తక్కువ ఉష్ణోగ్రతకే కరిగిపోతుంది. 100 డిగ్రీల లోపు కరిగే లవణాలను అయానిక ద్రవాలుగా పరిగణించడం వాడుక. అయానులను విద్యుదాకర్షణ పట్టి ఉంచుతుంది కనుక, మామూలు పరిస్థితులలో ఇవి ఆవిరి కావనే చెప్పాలి. పీడనాన్ని బాగా తగ్గించి, బాగా వేడి చేస్తే కొన్నింటిని స్వేదనం చేయవచ్చని 2006లో నిరూపితమైంది.

పాల్ వాల్డెన్ అనే శాస్త్రవేత్త 12 డిగ్రీల దగ్గరే కరిగే ఇథైల్ అమ్మోనియం నైట్రేట్‌ను 1914లోనే వర్ణించారు. ఆనాడు దానిని పట్టించుకున్నవారు తక్కువ. తరువాత అమెరికా వైమానిక దళ అకాడమీలో బ్యాటరీల కోసం అల్యూమినియం క్లోరైడ్ కలిపిన లవణ ద్రవాలను తయారుచేశారు. కానీ అవి గాలిలోని తేమ తగిలితేనే చెడిపోయేవి. అక్కడే 1992లో జాన్ విల్క్స్, మైఖేల్ జవరోట్కో గాలికీ నీటికీ తట్టుకునే ఇమిడజోలియం లవణాలను ప్రకటించాక, ప్రపంచమంతటా ప్రయోగశాలలు వీటివైపు మళ్ళాయి. హైదరాబాద్ తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పరిశోధకులు కూడా ఈ ద్రవాలలో అనేక సేంద్రియ చర్యలు జరిపి ఫలితాలను ప్రచురించారు.

ప్రయోగశాల దాటి పరిశ్రమలోకి వచ్చిన ఉదాహరణలలో నాకు అన్నిటికన్నా బోధపరిచేదిగా తోచేది జర్మనీలోని బీఏఎస్ఎఫ్ సంస్థ 2002లో ప్రవేశపెట్టిన బేసిల్ ప్రక్రియ. అతినీలలోహిత కాంతితో ఆరే సిరాలకూ పూతలకూ కావలసిన ఒక భాస్వర సమ్మేళనాన్ని ఆ సంస్థ తయారుచేస్తుంది. ఆ చర్యలో హైడ్రోజన్ క్లోరైడ్ వెలువడుతుంది. దానిని వెంటనే పట్టేయకపోతే తయారైన సరుకే పాడవుతుంది. అందుకని ట్రైఇథైల్ అమీన్ అనే క్షారాన్ని వేసేవారు. కాని ఆ క్షారం ఆమ్లంతో కలిసి ఘన లవణంగా మారి, మొత్తం మిశ్రమం కలపడానికీ వడకట్టడానికీ వీలుకానంత చిక్కబడేది. దాని బదులు మిథైల్ ఇమిడజోల్ వాడితే, ఏర్పడే లవణం 75 డిగ్రీలకే కరుగుతుంది కనుక, చర్య జరిగే వేడిలో అది ద్రవంగానే ఉండి, నీటి మీద నూనె తేలినట్లు సరుకు దాని పైన తేలి రెండు పొరలూ తేటగా విడిపోతాయి. పై పొరను తీసుకుంటే సరిపోతుంది. కింది పొరకు కాస్టిక్ సోడా కలిపి మిథైల్ ఇమిడజోల్‌ను తిరిగి రాబట్టి మళ్ళీ వాడుకుంటారు.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. మిథైల్ ఇమిడజోల్ ఆమ్లాన్ని పట్టడంతో ఆగక, చర్యకు ఉత్ప్రేరకంగా కూడా పనిచేసింది. వడపోత బెడద పోయి, చర్య వేగం పెరగడంతో పెద్ద రియాక్టర్ అవసరమే తీరిపోయి, చిన్న జెట్ రియాక్టర్ చాలింది. దిగుబడి సుమారు 50 శాతం నుంచి 98 శాతానికి చేరింది. ఒక ఘనపు మీటరు పరిమాణంలో గంటకు 8 కిలోలుగా ఉన్న ఉత్పత్తి రేటు 6,90,000 కిలోలకు పెరిగింది. ఇక్కడ ఎవరూ ఖరీదైన ద్రావణిని బయటి నుంచి కొని తేలేదని గమనించాలి. చర్యలో ఎలాగూ పుట్టే వ్యర్థ లవణాన్నే ద్రవంగా ఉండేలా మార్చుకున్నారు. అయానిక ద్రవాలకు తరచు తగిలించే హరితం, అంటే పర్యావరణహితం, అన్న విశేషణం ద్రవానికి కాక, ఇలాంటి ప్రక్రియకే తగుతుందని నా అభిప్రాయం.

ద్రవమే ఉత్ప్రేరకమైన సందర్భం చమురు శుద్ధిలో ఉంది. అధిక ఆక్టేన్ పెట్రోలు కోసం ఐసోబ్యూటేన్‌ను ఓలిఫిన్లనే హైడ్రోకార్బన్లతో కలపడానికి దశాబ్దాలుగా సల్ఫ్యూరిక్ ఆమ్లాన్నో, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్నో వాడుతున్నారు. రెండవది దాదాపు 20 డిగ్రీల వద్దే మరుగుతుంది కనుక, లీకైతే విషపు మబ్బులా చుట్టుపక్కల జనావాసాలపైకి వ్యాపించగలదు. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో ఉన్న షెవ్రాన్ రిఫైనరీ 2021లో ఆ ఆమ్లాన్ని తొలగించి, క్లోరోఅల్యూమినేట్ అయానిక ద్రవాన్ని ఉత్ప్రేరకంగా నెలకొల్పింది.

అయితే ఆవిరి కాకపోవడమొక్కటే నిరపాయానికి హామీ కాదు. మొదట్లో ఎంతో ప్రచారం పొందిన హెక్సాఫ్లోరోఫాస్ఫేట్ లవణాలు నీటితో విఘటనం చెంది అదే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని విడుదల చేయగలవని 2003లో వెల్లడైంది. కార్బన్ గొలుసు పొడవు పెరిగేకొద్దీ ఇమిడజోలియం లవణాలు జలచరాలకు మరింత విషపూరితమవుతాయి. గాలిలోకి పోనిది వ్యర్థజలంతో పాటు చెరువుకు చేరవచ్చు. పటాన్‌చెరు ప్రాంతపు నక్కవాగు కాలుష్యాన్ని చూసినవారికి ఇది ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. పైగా ఈ లవణాల తయారీకే మామూలు సాల్వెంట్లు, పెట్రోలియం ముడిసరుకు ఖర్చవుతాయి.

ఈ లోపాల నుంచే మరో దారి తెరుచుకుంది. కోళ్ళ దాణాలో కలిపే కోలిన్ క్లోరైడ్ ఒక పాలు, పొలంలో చల్లే యూరియా రెండు పాళ్ళు, అణువుల లెక్కన కలిపితే, 12 డిగ్రీలకే కరిగే ద్రవం ఏర్పడుతుందని బ్రిటన్‌లోని లీస్టర్ విశ్వవిద్యాలయంలో ఆండ్రూ ఆబట్ బృందం 2003లో ప్రకటించింది. యూరియా ఒక్కటే కరగాలంటే 133 డిగ్రీలు కావాలి. ఈ ద్రవంలో అన్నీ అయానులే ఉండవు కనుక దీనిని వేరే తరగతిగా లెక్కిస్తారు. అయినా ఇది చవక, ప్రకృతిలో తేలికగా విచ్ఛిన్నమవుతుంది. ఇందులో తయారైన సేంద్రియ పదార్థం నీటిలో కరగనిదైతే, నీరు పోయగానే విడిపోతుంది. ఆ నీటిని మళ్ళీ మరిగించి ద్రవాన్ని రాబట్టడానికి ఎంత ఇంధనం పడుతుందన్నది మాత్రం ప్రతి కర్మాగారమూ తన చర్యకు తానే లెక్క కట్టుకోవలసి ఉంటుంది.