స్వాతంత్ర్యం వద్దని ఓటేసిన దేశం, ఒక చీకటి సినిమా

(తెర మీద: మనిషి జాడలేని చిన్న రైల్వే స్టేషన్. చుట్టూ ఎండిన గడ్డి, ఎదురుగా కొండ. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు.)

2014లో బ్రిటన్ నుంచి విడిపోవద్దని ఓటేసిన స్కాట్లాండ్‌లో కొరూర్ అని ఒక స్టేషన్. అక్కడికి బస్సు వెళ్ళే రోడ్డు కూడా లేదు. రైల్లో రావాలి, లేదంటే కాళ్ళకు పని చెప్పాలి. 1996లో వచ్చిన 'ట్రెయిన్‌స్పాటింగ్' సినిమాలో నలుగురు కుర్రాళ్ళు ఇక్కడ దిగుతారు. అందులో ఒకడికి కొండెక్కాలని సరదా. ఇదంతా చూస్తుంటే స్కాటిష్‌వాడిగా పుట్టినందుకు గర్వంగా లేదా అని అడుగుతాడు. దాంతో రెంటన్ అనే హీరో విరుచుకుపడతాడు. స్కాటిష్‌గా పుట్టడమంత దరిద్రం లేదంటాడు. ఇంగ్లీషువాళ్ళ మీద తనకు కోపం లేదట. కోపమంతా తమవాళ్ళ మీదే. అలాంటి చవటలకు మనం కాలనీ అయ్యాం, కనీసం మంచి దొరల చేతిలో అయినా పడలేదు కదా అని వాడి బాధ.

ఈ సినిమా చూసినవాళ్ళను అడిగితే రెండే మాటలు వినిపిస్తాయి. "బాబోయ్, మరీ డార్క్, మధ్యలో ఆపేశా" అని కొందరు, "జీవితం అలాగే ఉంటుంది మరి" అని కొందరు. హెరాయిన్, చావులు, ఆ టాయిలెట్ సీను... ఆపేసినవాళ్ళను నేనేమీ అనను. అన్నం తింటూ చూసే సినిమా కాదు. కానీ కొరూర్ సీను మాత్రం నాకు డార్క్‌గా కాదు, కొంచెం కామెడీగా అనిపిస్తుంది. ఎందుకో చెప్తాను.

(తెర మీద: పాత పటం. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు.)

కాలనీ అయ్యామని రెంటన్ వాపోతాడు కదా. 1800 నుంచి మన దత్తమండలాలకు కలెక్టరుగా ఉండి, రైతు నుంచే నేరుగా వసూలు చేసే రైతువారీ పన్ను పద్ధతి పెట్టిన థామస్ మన్రో ఎక్కడివాడు? గ్లాస్గోలో పుట్టినవాడు. తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు, 1827లో పత్తికొండ దగ్గర కలరాతో పోయాడు. ఊరూరా కైఫీయతులు, అంటే ఆ ఊళ్ళ చరిత్రలు, రాయించిన కాలిన్ మెకంజీ? స్కాట్లాండ్‌లోని లూయిస్ దీవివాడు. ఈస్టిండియా కంపెనీలో స్కాటిష్‌వాళ్ళకు కొదవ లేదు. 1707లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్ కలిసింది యుద్ధంలో ఓడి కాదు, రెండు పార్లమెంట్లు చట్టాలు చేసుకుని. ఆ ఒప్పందం వెనక డబ్బు, ఒత్తిడి ఉన్నాయి, జనం వీధుల్లోకి వచ్చి గొడవ చేశారు, అది వేరే వీడియో. రాయలసీమ రైతు కోణం నుంచి చూస్తే మాత్రం రెంటన్ కూడా దొరల పక్షమే.

ఇది తెలిస్తేనే అసలు ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. 2014 సెప్టెంబర్ 18న స్కాట్లాండ్‌లో ఓటింగ్ జరిగింది. "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా?" అనేది ప్రశ్న. అవును, కాదు, అంతే. ఫలితం వచ్చాక మనవాళ్ళలో చాలామందికి వచ్చిన సందేహం ఒక్కటే: స్వాతంత్ర్యం ఇస్తామంటే వద్దనేవాళ్ళు కూడా ఉంటారా?

స్వాతంత్ర్యం అనగానే మనకు 1947 గుర్తొస్తుంది, జైళ్ళు, లాఠీలు గుర్తొస్తాయి. అక్కడి వాదన అది కాదు. అక్కడ గొడవంతా జేబులో ఉన్న పౌండు నోటు గురించి.

విడిపోయినా పౌండే వాడతామంది స్కాటిష్ నేషనల్ పార్టీ, అంటే అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత, 'అవును' పక్షం నాయకుడు అలెక్స్ సాల్మండ్ పార్టీ. కుదరదని ఫిబ్రవరిలో బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్బోర్న్ ఎడిన్‌బరోకే వచ్చి చెప్పి వెళ్ళాడు. ఆగస్టు 5న టీవీ చర్చ. 'కాదు' పక్షం నాయకుడు అలిస్టర్ డార్లింగ్ సాల్మండ్‌ను ఒకటే ప్రశ్నతో తిప్పితిప్పి కొట్టాడు: ఎనిమిదేళ్ళ పిల్లాడు కూడా తన దేశం జెండా, రాజధాని, కరెన్సీ చెప్పగలడు, మీరు కరెన్సీ చెప్పలేకపోతున్నారేం? ఆ రాత్రి సాల్మండ్ తడబడ్డాడు. మూడు వారాల తర్వాత రెండో చర్చలో పుంజుకున్నాడు గానీ ఆ పౌండు ప్రశ్న మాత్రం ఆఖరిదాకా ఆయన్ను వదల్లేదు.

(తెర మీద: రాత్రి, వర్షంలో గ్లాస్గో వీధి. వ్యాన్ అద్దంలోంచి.)

సరిగ్గా ఆ గొడవల మధ్య, 2014 మార్చిలో, బ్రిటన్ థియేటర్లలోకి ఇంకో చీకటి సినిమా వచ్చింది. 'అండర్ ద స్కిన్'. స్కార్లెట్ జొహాన్సన్ మనిషి రూపంలో ఉన్న గ్రహాంతర జీవి. గ్లాస్గోలో వ్యాన్ వేసుకుని తిరుగుతూ ఒంటరి మగవాళ్ళను ఎక్కించుకుంటుంది. వ్యాన్‌లో దాచిన కెమెరాలు పెట్టారు. ఆమెతో మాట్లాడినవాళ్ళలో కొందరు అసలు నటులే కారు, మామూలుగా దారిన పోతున్నవాళ్ళు. తర్వాతే వాళ్ళకు విషయం చెప్పి అనుమతి తీసుకున్నారు. సినిమా స్లోగా ఉందంటే ఒప్పుకుంటాను. కానీ ఓటుకు ముందరి గ్లాస్గో జనం గొంతు, యాస, మొహమాటం ఏ న్యూస్ చానల్లోనూ నాకు అంత బాగా దొరకలేదు. పోస్టుకార్డు బొమ్మల స్కాట్లాండ్ అందులో వెతికినా కనిపించదు.

ఓటుకు ముందరి ప్రచారంలోనూ ఇదే చీకటి-వెలుగుల పేచీ నడిచింది. 'కాదు' పక్షం ఏది చెప్పినా చీకటే: బ్యాంకులు వెళ్ళిపోతాయి, ధరలు పెరుగుతాయి, పెన్షన్ల సంగతి ఏమవుతుందో, యూరోపియన్ యూనియన్‌లో చోటు ఉండదు. దానికి 'ప్రాజెక్ట్ ఫియర్' అనే పేరు పడింది. తమాషా ఏమిటంటే, ఆ పేరు పుట్టింది వాళ్ళ సొంత ఆఫీసులోనే, జోకుగా. అవతలివాళ్ళు దాన్ని ఎత్తుకుని ఊరంతా చాటారు. 'అవును' పక్షం చూపించిందేమో ఆరువందల పేజీలు దాటిన ప్రభుత్వ పత్రం, అందులో అంతా వెలుగే, ఉత్తర సముద్రం చమురు లెక్కలతో సహా. ఓటు అయిన కొన్ని నెలలకే చమురు ధర సగానికి పడిపోయింది. ఆ ఒక్క విషయంలో చీకటి చూపించినవాళ్ళ మాటే నెగ్గింది.

ఓటు ఎవరికి అన్నది ఇంకో రుచికరమైన సంగతి. పుట్టుక కాదు, నివాసం చూశారు. 'అవును' పక్షానికి పెద్ద అండగా నిలిచిన పాత జేమ్స్ బాండ్ నటుడు షాన్ కానరీ బహమాస్‌లో ఉండేవాడు కాబట్టి ఆయనకు ఓటు లేదు. అదే సమయంలో స్కాట్లాండ్‌లో సక్రమంగా నివాసం ఉంటున్న కామన్వెల్త్ పౌరులకు ఓటుంది, అంటే భారతీయులకూ. అక్కడ పనిచేస్తున్న మన తెలుగు డాక్టరో, చదువుకుంటున్న కుర్రాడో పేరు నమోదు చేసుకుని ఉంటే ఒక దేశం ఉండాలా వద్దా అన్నదానిపై ఓటేసి ఉండొచ్చు, జేమ్స్ బాండ్‌కు లేని హక్కుతో! 16 ఏళ్ళ పిల్లలకూ మొదటిసారి ఓటిచ్చారు.

అదే ఏడాది జూన్ 2న మనకు తెలంగాణ వచ్చింది. రెండింటినీ ఒక గాటన కట్టేవాళ్ళు ఉన్నారు, నాకు నచ్చదు. ఇక్కడ ఏర్పడింది రాష్ట్రం, నిర్ణయం తీసుకుంది పార్లమెంటు. జనం నుంచి అవునా కాదా అని ఓటు అడగలేదు.

(తెర మీద: 55.3, 44.7.)

84.6 శాతం మంది ఓటేశారు. కాదన్నవాళ్ళు 55.3 శాతం, అవునన్నవాళ్ళు 44.7. మొత్తం 32 కౌన్సిళ్ళలో నాలుగే అవునన్నాయి. గ్లాస్గో అందులో ఒకటి. రెంటన్ ఊరు ఎడిన్‌బరో మాత్రం 61 శాతంతో కాదంది. 'ట్రెయిన్‌స్పాటింగ్' సినిమాకు మూలమైన నవల రాసిన ఇర్విన్ వెల్ష్ 'అవును' పక్షాన మాట్లాడాడు, ఆయన ఊరే ఆయన మాట వినలేదు. సాల్మండ్ మర్నాడే తప్పుకుంటానని ప్రకటించాడు.

తర్వాత కథ అడ్డం తిరిగింది. బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో ఉంటారని ఓటేయించుకున్నారు కదా, 2016లో బ్రిటన్ మొత్తంగా యూరోపియన్ యూనియన్‌నే వదిలేద్దామని ఓటేసింది. స్కాట్లాండ్‌లో మాత్రం 62 శాతం ఉండిపోదామన్నారు. ఇంకోసారి ఓటు పెట్టండని అడిగితే, 2022 నవంబర్‌లో బ్రిటన్ సుప్రీంకోర్టు తేల్చేసింది: లండన్ పార్లమెంటు ఒప్పుకోకుండా స్కాటిష్ పార్లమెంటు ఆ ఓటు పెట్టడానికి వీల్లేదు.

(తెర మీద: మళ్ళీ కొరూర్. రైలు కనుచూపు మేరలో.)

సినిమాలో ఆ నలుగురూ కొండ ఎక్కరు. తిట్టుకోవడం అయ్యాక ఇళ్ళకు పోతారు, రెంటన్ మళ్ళీ మత్తులో పడతాడు. కొండెక్కుదామన్నవాడి పేరు టామీ. వాడికేమైందో సినిమా చూసినవాళ్ళకు తెలుసు, చూడనివాళ్ళకు నేను చెప్పను.