మలుపు దగ్గర కత్తిరించకండి, మడవండి

శ్రోతలకు నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ పాఠం అనగానే ముందు బోర్డు మీదికి వోల్టేజీకీ కరెంటుకూ లెక్క చెప్పే ఓం సూత్రం వస్తుంది. ఆ వెనకే కరెంటును తగ్గించే రెసిస్టర్ల రంగు పట్టీలు. ఈలోగా వెనక బెంచీలు ఆవలిస్తుంటాయి. ఓం సూత్రం వద్దని కాదు. దాని అవసరం పిల్లలకు తగిలాక చెబితే సరిపోతుంది.

అందుకు ఒక అట్టముక్క చాలు. మూల మడిచి నొక్కితే దీపం వెలిగే కార్డు. వెలుగు ఏ బొమ్మలో పడాలో పిల్లలే తేల్చుకోవాలి. ఒకరికది లైట్‌హౌస్, ఇంకొకరికి పిల్లి కన్ను. సర్క్యూట్ ఒకటే, కార్డులు మాత్రం ఎంతమంది పిల్లలుంటే అన్ని రకాలు.

కావలసినవి చెబుతాను. 3 వోల్టుల సీఆర్2032 బటన్ సెల్ ఒకటి. ఎర్ర ఎల్‌ఈడీ, అంటే రెండు కాళ్ల చిన్న దీపం, ఒకటి. 5 మిల్లీమీటర్ల వెడల్పు రాగి టేపు. మామూలు సెల్లోటేపు. టంకం పని లేదు. రెసిస్టర్ కూడా వేయం. ఈ చిన్న సెల్ లోపలి నిరోధమే కరెంటును అదుపులో పెడుతుంది. అదే ధీమాతో 9 వోల్టుల బ్యాటరీ పెట్టారో, ఎల్‌ఈడీ మాడిపోతుంది.

ముందు పెన్సిల్‌తో దారి గీయించండి. అట్ట మూలకు దగ్గరగా సెల్‌కు చోటు. సెల్ మైనస్ ముఖం కిందికి ఉండాలి, దాని అడుగున ఒక టేపు. ఆ టేపు ఎల్‌ఈడీ పొట్టి కాలి దాకా వెళుతుంది. పొడుగు కాలి నుంచి రెండో టేపు మూలకు వస్తుంది. ఆ మూలను మడిచి సెల్ మీద నొక్కితే టేపు ప్లస్ ముఖానికి తగులుతుంది. ఆ మడతే స్విచ్. కాళ్లను రాగి మీద పెట్టి, పైన సెల్లోటేపు గట్టిగా అతికించాలి.

ఇక నొక్కుతారు. సగం కార్డులు వెలగవు. అసలు పాఠం ఇక్కడే మొదలు.

ఎక్కువగా తప్పు మలుపు దగ్గరుంటుంది. అక్కడ టేపును కత్తిరించి, రెండో ముక్క పైన అతికిస్తారు. చూడ్డానికి అంతా రాగే. కానీ చాలా టేపుల జిగురులో కరెంటు పోదు. రెండు రాగి ముక్కల మధ్య ఆ జిగురు పొర గోడలా నిలుస్తుంది. అందుకే కత్తిరించకండి, మడవండి. మళ్లీ చెబుతున్నాను: కత్తిరించకండి, మడవండి.

రెండో తప్పు కంటికి కనబడదు. సెల్ అంచు కూడా ప్లస్సే. కింది టేపు ముడతపడి అంచుకు తగిలితే షార్ట్ అవుతుంది, అంటే కరెంటు దీపం దాకా పోకుండా అడ్డదారిన తిరుగుతుంది, సెల్ ఊరికే అయిపోతుంది.

మూడోది నాకు చాలా ఇష్టమైన తప్పు. ఎర్ర దీపం పక్కనే, అదే సెల్‌కు తెల్ల దీపం కూడా సమాంతరంగా కలుపుతారు. ఎర్రది వెలుగుతుంది, తెల్లది మూగబోతుంది. ఎర్రదానికి దాదాపు 2 వోల్టులు చాలు, తెల్లదానికి 3 దాకా కావాలి. ఎర్రది ముందే కరెంటు లాగేసుకుని సెల్ వోల్టేజీని కిందికి దించేస్తుంది. వోల్టేజీ అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

ఇక్కడ ఉపాధ్యాయులు, ‘ఇటివ్వు, నేను చూస్తా’ అనకూడదు. పిల్లలే వెతకాలి. ముందు ఎల్‌ఈడీ కాళ్ల మధ్య సెల్ పెట్టి చూడాలి, పొడుగు కాలు ప్లస్ వైపు. వెలిగిందంటే ఆ రెండూ బాగున్నట్టే. తర్వాత మూల నొక్కి ఉంచి, ఒక్కో అతుకు మీద తీగముక్క ఆనించి చూడాలి. ఎక్కడ ఆనిస్తే వెలిగిందో, తప్పు అక్కడే.

సెల్స్ అన్నీ ఒకే డబ్బాలో కలిపి పోయకండి, ఒకదానికొకటి తగిలి అయిపోతాయి. ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి తీసుకోండి. మింగితే ఇవి అన్నవాహికను గంటల్లోనే కాల్చేస్తాయి. చిన్నపిల్లలున్న ఇంటికి వెళ్లే కార్డులోంచి సెల్ తీసేసి పంపండి.