క్యానా దీవికి తెరచాప పడవలో

నమస్కారమండి. గ్లాస్గోలో స్థిరపడి ఆరేళ్ళయినా, స్కాట్లాండ్ పడమటి దీవులను పెద్ద ఫెర్రీల మీద నుంచి చూడడమే తప్ప, గాలిని నమ్ముకుని చిన్న పడవలో వెళ్ళడం మాకు ఇదే మొదటిసారి. మావారి సహోద్యోగి ఒకాయనకు సొంత తెరచాప పడవ ఉంది. జూన్ చివరి వారంలో ఆయన పిలవగానే, మల్లేగ్ రేవు నుంచి ముగ్గురం క్యానాకు బయలుదేరాము.

దూరం 20 నాటికల్ మైళ్ళకు కొంచెం పైన. కుడివైపు స్కై దీవి, ఎడమవైపు 800 మీటర్లు దాటిన రమ్ దీవి శిఖరాలు కనిపిస్తూ ఉన్నాయి. మేము పోవలసిన పడమటి దిక్కు నుంచే గాలి వీస్తున్నందువల్ల తిన్నగా వెళ్ళే వీలులేక, కాసేపు ఉత్తరానికి, కాసేపు దక్షిణానికి ఏటవాలుగా మళ్ళుతూ సాగాము. నాలుగైదు గంటల దారి ఏడు గంటలయింది. అయినా అక్కడ జూన్‌లో రాత్రి పది గంటలకు కూడా వెలుతురు ఉంటుంది కనుక భయం కలగలేదు.

దీవి తూర్పు కొసన ఉన్న కొండ పేరు కంపాస్ హిల్. అగ్నిపర్వతాల నుంచి పుట్టిన ఆ రాళ్ళలో ఇనుము ఎక్కువగా ఉండడం వల్ల దగ్గరికి వచ్చిన పడవల దిక్సూచి ముల్లు తప్పుతుందని నావికులు చెబుతారు. క్యానాకు, పక్కనే వంతెనతో కలిసిన సాండే దీవికి నడుమ ఉన్నదే రేవు. అడుగున సముద్రపు నాచు దట్టంగా ఉండి లంగరు సరిగా పట్టదు కాబట్టి, అతిథి పడవల కోసం నీటి మీద తేలేలా వేసిన బోయాకు తాడు కట్టాము. రేవు పక్కన కొండరాతి మీద, ఏళ్ళ తరబడి వచ్చిపోయిన పడవల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి.

నన్ను కట్టిపడేసినది మాత్రం క్యానా హౌస్. జాన్ లోర్న్ కాంప్‌బెల్ 1938లో ఈ దీవిని కొని, భార్య మార్గరెట్ ఫే షాతో కలిసి ఆ ఇంట్లో ఉంటూ స్కాట్లాండ్ పాత భాష అయిన గాలిక్‌లోని పాటలను, కథలను జీవితమంతా సేకరించారు. అమెరికాలో పుట్టిన ఆమె, పెళ్ళికి ముందే సౌత్ యూయిస్ట్ దీవిలో పల్లెవాసుల ఇంట ఏళ్ళ తరబడి ఉండి, వారి నోట విన్న పాటలను స్వరాలతో సహా రాసుకున్నారు. 1981లో ఆయన దీవిని, తమ సేకరణలను వారసత్వ సంపదను కాపాడే నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ అనే సంస్థకు ఇచ్చేశారు. ఒక భాష పాటల కోసం ఇంత చేసిన మనుషుల గుమ్మం ముందు నిలబడినందుకు నాకు ఎంతో గౌరవంగా అనిపించింది.

ఆ పాటలలో ఎక్కువగా నన్ను ఆకట్టుకున్నవి ఉన్ని బట్ట చిక్కబడడానికి ఆడవాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, తడిబట్టను బల్లకేసి బాదుతూ పాడుకున్నవి. ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు పల్లవి అందిస్తారు. చేతి దెబ్బే తాళం. మన దంపుళ్ళ పాటలు కూడా అంతే కదా! రోకటి పోటు పడే చోటే వాటికి తాళం పడుతుంది.

మరునాడు గాలి వెనుక నుంచి వీచి, మధ్యాహ్నానికే మల్లేగ్ చేరాము. రేవులో దిగిన వెంటనే తెనాలి దగ్గర ఉన్న మా అమ్మమ్మకు ఫోన్ చేసి, చిన్నప్పుడు విన్న దంపుళ్ళ పాట పాడమని అడిగి రికార్డు చేసుకున్నాను. మూడు చరణాలు పాడింది. నాలుగోది గుర్తుకు రాక, "ఉండవే, పక్కింటి పిన్నిని అడిగి వస్తాను" అని ఫోన్ అరుగు మీద పెట్టి వెళ్ళింది.